యంత్రం ఇంటికి వచ్చిన నాడు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వారు ఈ కాలంలో ఉండివుంటే, వాషింగ్ మెషీను బిగించి చూడు అని మూడో మాట కూడ చేర్చివుండేవారేమో! దుకాణానికి పోయినప్పుడు మనం ధర బేరమాడుతాము, రంగు చూస్తాము, పెట్టె మీది నక్షత్రాలు లెక్కపెడతాము, వాయిదాలు కుదుర్చుకొంటాము. ఇంత చేసినవారము, ఆ వస్తువును ఇంట్లో బిగించే మనిషి వచ్చిపోయే ముప్పావు గంటను మాత్రం లక్ష్యపెట్టము. పిల్లవాడు వచ్చాడు, బిగించాడు, పోయాడు అనుకొని ఊరకుంటాము. ఆ యంత్రం పదేళ్ళు నిలుస్తుందా, రెండేళ్ళకే మూలబడుతుందా అన్నది చాలవరకు ఆ ముప్పావు గంటలోనే తేలిపోతుంది. అంతకంటె పెద్ద సంగతి ఇంటిల్లిపాది క్షేమం. అదీ ఆ కొద్దిసేపటి పని మీదనే ఆధారపడి ఉన్నది. అందుచేత ఈ నెల ఆ ముప్పావు గంటను గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

రేడియో నాటి ముచ్చట

మన నాందేడు 1956 అక్టోబరు చివరి దాక హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ పైన బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960 మే 1 నుంచి మహారాష్ట్రంలో ఉన్నది. సరిహద్దులు అటూ ఇటూ జరిగినా, గోదావరి మాత్రం ఎప్పటివలెనే మన ఊరు దాటి బాసర వైపు సాగిపోతున్నది. ఆ నాళ్ళలో కలిగినవారి ఇండ్లలోకి వచ్చిన మొదటి ఎలక్ట్రానిక్ వస్తువు రేడియో. 1935లో హైదరాబాదులో మొదలైన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. రేడియో కొంటే చాలదు, తపాలా కచేరీలో లైసెన్సు తీసుకోవలె, ఏటేటా రుసుము కట్టవలె. ఆ పద్ధతి 1980ల నడుమ దాక సాగింది.

వాల్వుల రేడియో బిగించడమంటే ఒక చిన్న పండుగ. మిద్దె మీద రెండు వెదురు గడలు నిలబెట్టి, వాటి నడుమ పింగాణీ గుండ్లతో రాగి తీగ లాగేవారు. అది ఏరియల్. మరొక తీగ కిటికీలో నుంచి పెరటిలోకి దిగి, తడి నేలలో పాతిన ఇనుప గొట్టానికి చుట్టుకొనేది. అది ఎర్తు. ఎండలు ముదిరినప్పుడు దాని మొదట చెంబెడు నీళ్ళు పోయవలెనని బిగించినవాడు మరీ మరీ చెప్పి పోయేవాడు. గొట్టం చుట్టూ నేల తడిగా ఉంటే పాట స్పష్టంగా వినవచ్చేది. ఉరుములు మెరుపుల వేళ మీట తిప్పి ఏరియల్‌ను ఎర్తుకు కలిపితే రేడియోకు కొంత రక్షణ ఉండేది. ఇంటివారికి వాల్వు సంగతి తెలియకపోవచ్చు, ఎర్తు సంగతి మాత్రం తెలుసు. దానికి నీళ్ళు పోసే బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరిది.

ఆ తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఏరియల్ అక్కర లేదు, ఎర్తు అక్కర లేదు, బ్యాటరీలు వేసి చంకలో పెట్టుకొని పోవచ్చు. సుఖమే! కాని ఆ సుఖంతోబాటు ఎర్తు అన్న మాట మన ఇండ్లలో నుంచి మెల్లగా జారిపోయింది. సరిగ్గా దాని అవసరం పాట కోసం గాక ప్రాణం కోసం ఏర్పడిన కాలానికి మనం దాన్ని మరచిపోయాము. గీజరు, వాషింగ్ మెషీను, ఫ్రిజ్జు, ఏసీ, నీటి యంత్రం అన్నీ వచ్చాయి. చెంబెడు నీళ్ళు పోసేవారు లేకపోయారు.

వస్తువును పంపినంత మాత్రాన పని ముగియదని మన దేశంలో ఎరిగి చేసిన ఏర్పాటు ఒకటి ఉన్నది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజను చూపే ప్రయోగం జరిగింది. దాన్ని సైట్ అన్నారు. ఆంధ్రప్రదేశంతో కలిపి ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 పల్లెలను ఎన్నుకొన్నారు. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఈసీఐఎల్ సంస్థ వాటికి సెట్లు తయారుచేసింది. కోళ్ళ గూడుకు వాడే వల వంటి తీగజాలంతో పెద్ద పెద్ద గొడుగు యాంటెనాలు అమర్చారు. ఆ ప్రయోగం నడిపినవారు సెట్లతోబాటు బాగుచేసే మనుషులను, విడిభాగాలను, జీపులను కూడ ఆ ప్రాంతాలలో సిద్ధంగా ఉంచారు. పల్లెలో బడి పంతులుకు టెలివిజను విద్య రాదు, రానక్కరలేదు కూడ. చెడిపోతే వచ్చి చూసేవాడు ఒకడు ఉన్నాడన్న నమ్మకం చాలును. యంత్రానికి సగం ప్రాణం దానిలో ఉంటే, మిగిలిన సగం దాన్ని చూసుకొనే మనిషిలో ఉన్నది.

ముగ్గురి నడుమ అనాథ

నేటి పద్ధతి ఏమిటో చూద్దాము. దుకాణంలోనో, ఫోనులోనో వస్తువు కొంటాము. పెట్టె ఇంటికి వస్తుంది. మా మనిషి వచ్చేదాక విప్పవద్దు అని చాల కంపెనీలు చెబుతాయి. ఆ మాట పాటించడం మంచిదే. లోపల అద్దం పగిలివుంటే ఎవరి చేత పగిలిందన్న తగవు రాదు. దుకాణంవారు కంపెనీకి కబురు పెడతారు. కంపెనీ ఆ పనిని ఊళ్ళోని తన సర్వీసు కేంద్రానికి అప్పగిస్తుంది. ఈ కేంద్రాలు చాలవరకు కంపెనీ సొంతవి కావు, ఒప్పందం మీద నడిపే స్థానిక వ్యాపారులవి. అక్కడి నుంచి పని ఒక కుర్రవాని ఫోనులోకి పోతుంది. అతనికి చాలచోట్ల ఇంటికింత అని కూలి; ఒక ఇంట్లో రెండు గంటలు పడితే ఆ రోజు ఇంకొక ఇల్లు తప్పిపోతుంది. అతని తొందరకు కారణం ఇదే.

ఇంతకూ అతని పని ఎంత వరకు? యంత్రాన్ని పెట్టెలో నుంచి తీయడం, నిలబెట్టడం, నడిపి చూపడం, నంబరు ఫోటో తీసుకోవడం. గోడలోని తీగలు అతని పని కాదు. పోనీ, కరెంటు పంపే మహావితరణ్‌వారి పనా? మీటరు దాక వారిది. మీటరు దాటిన తీగ ఇంటివారిదే. ఇక ఇంటికి తీగలు వేసిన ఎలక్ట్రీషియనా? ఆయన ఎప్పుడో పని ముగించుకొని డబ్బు తీసుకొని పోయాడు. ఈ ముగ్గురి నడుమ ఎర్తు తీగ అనాథ అయింది. ఎవరికి వారు ఇంకొకరు చూసివుంటారని అనుకొంటారు. ఎవరూ చూడరు.

ఇత్వారా వంటి పాత పేటలలో, ఉస్మాన్‌షాహీ మిల్లు రోజులలో కట్టిన ఇండ్లలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఆ ఇండ్లకు తీగలు వేసిన నాడు కావలసినవి రెండు దీపాలు, ఒక పంకా. అందుకు రెండు తీగలే చాలును. తరువాత వచ్చినవారు గోడకు మూడు రంధ్రాల సాకెట్టు బిగించారు గాని, మూడో రంధ్రం వెనుక తీగ ఉన్నదో లేదో ఎవరు చూడవచ్చారు! బయటికి మూడు కండ్లు కనిపిస్తాయి, అందులో ఒకటి గుడ్డిది.

"చెప్పులు వేసుకోండి"

మేమెరిగిన ఒక ఇంట్లో కొత్త వాషింగ్ మెషీను వచ్చింది. బిగించి పోయిన మరునాటి నుంచి తడి చేతితో ముట్టుకొంటే జివ్వుమనడం మొదలైంది. ఇంటి పెద్దావిడ మెకానిక్‌ను మళ్ళీ పిలిపించారు. అతడు వచ్చి చూసి, "కాకూ, అది మామూలే, చెప్పులు వేసుకొని బట్టలు వేయండి" అని చెప్పి పోయాడు. ఈ సలహా మన ఊళ్ళో ఎందరికి అందివుంటుందో లెక్క లేదు. చెప్పులు వేసుకొంటే జివ్వుమనడం తగ్గుతుంది, నిజమే. జ్వరమానిని విరగ్గొడితే జ్వరం కనబడనట్లే ఇదిన్నీ.

ఆ జివ్వుమనడానికి కారణం ఉన్నది. ఇప్పటి యంత్రాలలో కరెంటులోని చికాకును వడగట్టే చిన్న అమరిక ఒకటి ఉంటుంది. అందులో నుంచి అతి కొద్ది కరెంటు యంత్రపు ఇనుప ఒంటికి చేరడం సహజమే. అది ఎర్తు తీగ గుండా నేలలోకి పోవలెనని దాన్ని చేసినవారి ఉద్దేశం. ఎర్తు లేకపోతే అది ఎటూ పోలేక ఒంటి మీదనే నిలుస్తుంది. మన ఇండ్లకు వచ్చేది 230 వోల్టులు. యంత్రం ఒంటి మీద దానిలో సుమారు సగం కనబడవచ్చు. కరెంటు మోతాదు మిక్కిలి స్వల్పం కనుక జివ్వుమని ఊరుకొంటుంది. అంటే, అది యంత్రం చెప్పే మాట: "నాకు మూడో తీగ లేదు" అని.

ఇప్పటికి ప్రమాదం లేదని ఊరకుండరాదు. రేపు ఏ ఎలుకో తీగ కొరికి, లేదా గీజరు లోపలి కడ్డీ చిట్లి, అసలు కరెంటు ఇనుప ఒంటికి తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే ఆ కరెంటు ఒక్కుమ్మడిగా నేలలోకి దూకి, ఫ్యూజు పోతుంది లేదా ఎంసీబీ పడిపోతుంది; ఇల్లు చీకటవుతుంది, మనుషులు బ్రతుకుతారు. ఎర్తు లేకపోతే దీపాలు వెలుగుతూనే ఉంటాయి, యంత్రం మౌనంగా కాచుకొని ఉంటుంది, తడి ఒంటితో ముట్టుకొన్నవారి గుండా కరెంటు నేలకు దారి వెతుక్కొంటుంది. స్నానాల గదిలో చెప్పులు వేసుకొనేవారు ఎవరు?

ఏమడగవలె?

మన పెద్దవారికి మరాఠీ రాకపోదు; కూరగాయల బేరం దగ్గర మనకు సాటి లేరు. కాని కరెంటు మాటలు వచ్చేసరికి నోరు మెదపరు. మగవారు లేనప్పుడు మెకానిక్ వస్తే, "సరే సరే" అని తల ఊపి పంపివేస్తారు. ఒక్క వాక్యం నేర్చుకొంటే చాలును: "ఆధీ అర్థింగ్ తపాసా" — ముందు ఎర్తు చూడండి. పెట్టె విప్పకముందే ఈ మాట అనవలె. బిగించిన తరువాత అంటే అతని కాలు గడప దాటివుంటుంది.

ఎలా చూస్తాడు? మీటరు ఉన్నవాడు సాకెట్టులో ఫేజుకూ ఎర్తుకూ నడుమ వోల్టులు కొలుస్తాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ ఎంత వస్తుందో ఇంచుమించు అంతే రావలె. న్యూట్రల్‌కూ ఎర్తుకూ నడుమ రెండు మూడు వోల్టులకు మించకూడదు. మీటరు చూపినంత మాత్రాన కూడ చాలదు. పేలికైన తీగ కూడ వోల్టులు చూపగలదు. అందుకని తెలిసిన ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్తుకూ నడుమ వంద వాట్ల బల్బు పెట్టి చూస్తారు. నిండుగా వెలిగితే ఎర్తు దారి బాగున్నట్లు, మినుకుమినుకుమంటే బలహీనమైనట్లు, అసలు వెలగకపోతే లేనట్లు. ఈ పరీక్షలు ఇంటివారు స్వయంగా చేయదగినవి కావు, చేయించదగినవి.

ఒక మోసాన్ని గూర్చి ప్రత్యేకంగా హెచ్చరించవలె. ఎర్తు తీగ లేనిచోట కొందరు సాకెట్టు లోపల న్యూట్రల్‌ను మూడో పిన్నుకు కలిపివేస్తారు. అప్పుడు మీటరు అంతా బాగున్నట్లే చూపుతుంది, బల్బు కూడ దివ్యంగా వెలుగుతుంది, జివ్వుమనడం ఆగిపోతుంది. ఇంటివారు మెచ్చుకొని చాయ్ కూడ పోస్తారు. కాని ఏనాడైనా ఆ న్యూట్రల్ తీగ ఎక్కడో తెగితే, యంత్రం ఒళ్ళంతా నిండు కరెంటు ఎక్కుతుంది. లేని ఎర్తుకంటె ఈ దొంగ ఎర్తు చెడ్డది. కనుక న్యూట్రల్, ఎర్తు నడుమ వోల్టులు బొత్తిగా సున్న చూపితే సంతోషించక, సాకెట్టు విప్పి చూపమని అడగండి.

సాకెట్టు పరిమాణం రెండవ సంగతి. మన ఇండ్లలో చిన్నది 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని మధ్యలో ఒక మార్పిడి ప్లగ్గు పెట్టి చిన్న సాకెట్టులో దూర్చితే, మొదట సాకెట్టు పసుపుబారుతుంది, తరువాత నల్లబడుతుంది, ఆ తరువాత వాసన వస్తుంది. గీజరుకు, ఏసీకి మీటరు పెట్టె నుంచి వేరుగా లావు తీగ రావలె. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగిలిన రెండింటికంటె లావుగా, పొడుగుగా ఉండడం చూసేవుంటారు. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటె ముందుగా తగిలేది, తీసేటప్పుడు అందరికంటె చివర విడిచేది అదే కావలెనని ఆ ఏర్పాటు. ఆ పిన్ను అడ్డం వస్తున్నదని విరిచివేసే చాదస్తులు కొందరున్నారు. వారికి ఏమని చెప్పగలము!

మూడవది ఆర్‌సీసీబీ అనే మీట. ఎంసీబీ తీగను కాపాడుతుంది. ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నవా అని ఇది ఎడతెగక తూకం వేస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, ఎక్కడో మనిషి గుండా కారుతున్నదేమో అన్నట్లు తటాలున ఆపివేస్తుంది. రెండు తీగల పాత ఇంట్లో కూడ ఇది పని చేస్తుంది కనుక, గోడలు తవ్వించే స్తోమత లేనివారికి మొదటి ఆసరా ఇదే. అయితే ఎర్తుకు ఇది బదులు కాదు, తోడు మాత్రమే. దాని మీద పరీక్ష బొత్తాం ఒకటి ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి, నొక్కగానే పడిపోవలె. పడకపోతే మార్పించండి.

ఏసీ విషయంలో ఇంకొక మాట. నాందేడులో ఎండలు 42, 43 డిగ్రీలు దాటిన తరువాత అందరూ ఒక్కసారిగా ఏసీలు కొంటారు. మెకానిక్‌కు ఊపిరి సలపదు. రాగి గొట్టాలు కలిపిన తరువాత వాటిలోని గాలిని, చెమ్మను పంపు పెట్టి లాగివేయవలె. కనీసం పావుగంట పట్టే పని. తొందరలో ఉన్నవాడు కొద్దిగా గ్యాసు వదిలి గాలిని ఊదివేసి, అయిందంటాడు. ఆ చెమ్మ లోపల మిగిలి యంత్రాన్ని తినివేస్తుంది. ఇప్పటి ఏసీలలో చాలవాటిలో వాడే ఆర్32 అనే వాయువు కొద్దిగా మండే స్వభావం కలది, గదిలోకి వదలరాదు. కాబట్టి పంపు తెచ్చావా నాయనా అని ముందే అడగండి. గొట్టం సాధారణంగా 3 మీటర్లే ధరలో కలిసివుంటుంది. ఆపైన పొడుగుకు, బయట నిలబెట్టే ఇనుప స్టాండుకు వేరుగా ఇవ్వవలసివస్తుంది. ఈ లెక్క పని మొదలుకాకముందే కాగితం మీద పెట్టించుకొంటే తరువాత మాటా మాటా రాదు.

ఫోనులో వచ్చే పెద్దమనిషి

గడప తొక్కి వచ్చే మెకానిక్ సంగతి ఇది. గడప తొక్కకుండానే వచ్చేవాడు వేరొకడున్నాడు. మన పిల్లలు హైదరాబాదులోనో, పూనాలోనో, అమెరికాలోనో ఉన్నారు. నాందేడు ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు. టీవీ ఆగిపోయింది. నాన్నగారు ఫోనులో కంపెనీ పేరు వెతికి, కనబడిన మొదటి నంబరుకు చేశారు. అవతల మర్యాదగా హిందీలో మాట్లాడేవాడు, "పది రూపాయలు కట్టి నమోదు చేసుకోండి, ఈ చిన్న యాప్ దించుకోండి" అంటాడు. ఆ యాప్ ఫోను తెరను అవతలివానికి చూపేది. తరువాత బ్యాంకు సొమ్ము ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇది మన దేశపు వ్యాధి మాత్రమే కాదు. అమెరికాలో ఇంటికి వచ్చి కంప్యూటర్లు, టీవీలు బిగించి బాగుచేసే గీక్ స్క్వాడ్ అనే సంస్థ 1994లో మినియాపొలిస్ నగరంలో పుట్టింది. 2002లో బెస్ట్ బై అనే పెద్ద దుకాణాలవారు దాన్ని కొన్నారు. అక్కడ స్థిరపడిన మన పిల్లలకు తెలిసిన పేరే. అంత నమ్మకం సంపాదించిన పేరు గనుకనే మోసగాండ్లు దాన్ని ఎత్తుకొన్నారు. 2023లో పేరు దొంగిలించి చేసిన మోసాలను గూర్చి అక్కడి ప్రభుత్వ వ్యాపార సంఘానికి వచ్చిన ఫిర్యాదులలో ఈ సంస్థ పేరే అన్నిటికంటె ఎక్కువసార్లు, సుమారు 52,000 మార్లు, వినబడింది. మంచి పేరు ఎక్కడ ఉంటుందో దొంగ అక్కడ ముసుగు వేసుకొంటాడు. ఇల్లు మారినా దొంగ బుద్ధి మారదు గదా!

కనుక నంబరు ఎక్కడ చూడవలె? వస్తువు వెనుక అంటించిన చీటీ మీద, వారంటీ కార్డు మీద, బిల్లు మీద. గూగుల్‌లో వెతికి పట్టుకొన్న నంబరు నమ్మదగినది కాదు. పిలవకుండా ఇంటికి వచ్చి "మీ నీటి యంత్రం సర్వీసు గడువు వచ్చింది" అనేవానిని కూడ గుమ్మం దగ్గరే నిలబెట్టి, కంపెనీకి ఫోను చేసి పనినంబరు కనుక్కోండి.

పెద్దవారిని తికమక పెట్టే మరొక సంగతి ఈ ఓటీపీలు. ఇవి రెండు రకాలని చెప్పి ఉంచండి. పని ముగిసిందని కంపెనీకి తెలిపే సంఖ్య ఒకటి. దాన్ని మెకానిక్‌కు చెప్పవచ్చు, అయితే పని పూర్తి అయి, యంత్రం నడిచి, మనకు తృప్తి కలిగిన తరువాతనే చెప్పవలె. ముందే చెబితే పని అయినట్లు రాసుకొంటారు. రెండవది బ్యాంకువారి సంఖ్య. దాన్ని బ్రహ్మదేవుడు అడిగినా చెప్పకూడదు. పొరపాటున సొమ్ము పోతే సిగ్గుపడి దాచుకోక, వెంటనే 1930కి ఫోను చేయవలె. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

కాగితమే సాక్షి

పని చేసి పోయేవాని దగ్గర మూడు తీసుకోవలె: బిల్లు, పని చీటీ, మార్చిన పాత భాగం. "జునా పార్ట్ పరత్ ద్యా" అని అడిగితే, మార్చని భాగాన్ని మార్చానని చెప్పే దురాశ చాలవరకు ఆగిపోతుంది. వారంటీలో ఉన్న వస్తువుకైతే పాత భాగాన్ని కంపెనీ తీసుకొనే ఆచారం ఉండవచ్చు. అప్పుడు చీటీలో దాని నంబరు రాయించుకోండి.

న్యాయం జరగకపోతే దారి లేకపోలేదు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. దానికి తెలుగులో కూడ మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. 2019 నాటి వినియోగదారుల చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది. వస్తువులోని లోపమే గాక, సేవలోని లోపం కూడ అందులో ఫిర్యాదుకు తగిన కారణమే. వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన రెండేళ్ళలోగా వేయవలె. చాలమంది ఫిర్యాదులు వీగిపోవడానికి కారణం న్యాయం లేకపోవడం గాదు, కాగితం లేకపోవడం. బిల్లు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోతాయి గనుక ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, మరమ్మతు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పోర్టల్‌లో పలు కంపెనీల మరమ్మతు వివరాలు ఉంచారు. చదువుకొనే పిల్లలు ఇంట్లో ఉంటే తీసి చూపమనండి.

వచ్చేవాడూ ఒక ఇంటి బిడ్డే

ఇన్ని జాగ్రత్తలు చెప్పాము గదా అని, వచ్చే కుర్రవానిని దొంగను చూచినట్లు చూడవద్దు. వారిలో చాలమంది మండుటెండలో మోటారు సైకిలు మీద సంచి వేసుకొని తిరిగే కష్టజీవులు. మూడో అంతస్తు కిటికీ బయట చేరెడు చూరు మీద నిలబడి ఏసీ బిగించేవానికి నడుముకు తాడు ఉన్నదా అని అడిగే ఇల్లాలు ఎందరు? అడగండి. తాడు లేకపోతే ఆ రోజుకు పని వద్దనండి. ఒక్క రోజు ఉక్కపోతను మనం ఓర్చుకోగలము. "దాదా, కొంచెం నీళ్ళు తాగు" అన్న మాటకు ఖర్చు లేదు. అతడు వచ్చాడు గదా అని ఇంట్లో పాడైన పంకా, మిక్సీ, గంట అన్నీ ఉచితంగా చూడమనడం మాత్రం పాడి కాదు. పని బాగా చేసినవానికి ఫోనులో నాలుగు మంచి మాటలు రాయండి. ఆ మెప్పు అతని సంపాదనకు తోడ్పడవచ్చు. ఎర్తు చూడమని మర్యాదగా అడిగినవారి ఇంట్లో అతడు పని మరింత శ్రద్ధగా చేస్తాడని మా అనుభవం.

మన సంఘం కూడ ఒక పని చేయవచ్చు. ఉగాదికి మనవారందరం కలుసుకొంటాము. సరిగ్గా అప్పటికే ఎండలు మొదలై, నేల ఆరి, ఎర్తు గుంటలు బలం తప్పుతూ ఉంటాయి. ఊళ్ళో నమ్మకమైన ఎలక్ట్రీషియన్ ఇద్దరిని మాట్లాడి, వంటరిగా ఉన్న పెద్దల ఇండ్లలో సాకెట్లు చూపించే ఏర్పాటు ఏటా ఆ వారంలో చేయవచ్చు. గీజరు, వాషింగ్ మెషీను, ఫ్రిజ్జు, ఈ మూడు సాకెట్లు చూచినా చాలును. మెకానిక్ వచ్చే వేళకు పక్కన నిలబడగల యువకులు, యువతులు పేటకొకరు ముందుకు వస్తే, పిల్లలు దూరాన ఉన్న తలిదండ్రులకు అంతకంటె పెద్ద సేవ లేదు. ఊరికే పక్కన నిలబడి, ఆ ఒక్క మరాఠీ వాక్యం అంటే చాలును.

ఇక ఇంటింటా చేయదగినది: ఒక తెల్ల కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాలలో 1930, 1915, కరెంటు పోతే 1912, మీ వస్తువుల కంపెనీల అసలు నంబర్లు, మీకు నమ్మకమైన ఎలక్ట్రీషియన్ నంబరు రాసి, మీటరు పెట్టె తలుపు లోపల అంటించండి. పెరటిలో ఎర్తు గుంట ఎక్కడున్నదో ఇంట్లో అందరికీ చూపించండి. మే నెలలో దానికి రోజూ చెంబెడు నీళ్ళు పోసే పని మనుమలకు అప్పగించండి.